రోములో మా డీలర్లకు బస

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది జనవరిలో నా చేతికి ఒక ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నేను జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో, మార్కెటింగ్ విభాగం డిప్యూటీ మేనేజరుగా పనిచేస్తున్నాను. అమ్మకాల లక్ష్యం దాటిన డీలర్లను ఎండలు ముదిరేలోగా ఇటలీ తీసుకెళ్ళాలి. బసలు ఎంపిక చేయడం, పార్టీ వెంట ఉండడం, అందరినీ క్షేమంగా తిరిగి తీసుకురావడం నా పని. ఉత్తర్వులో ఉన్నది అంతే.

సిమెంటు వ్యాపారంలో డీలర్ల టూరు పాత ఆనవాయితీ. గోడలో కలిశాక ఏ కంపెనీ బస్తా అయినా ఒకటే. కొనేవాడు నమ్మేది డీలరు మాటని. "ఇది తీసుకెళ్ళు, బాగుంటది" అని షాపులో ఆయన అనే ఒక్క ముక్క మీద మా బట్టీలు మండేవి. అందుకని ఏడాదికోసారి వాళ్ళకు మర్యాద చేయడం రివాజు. అంతకుముందు బ్యాంకాక్, సింగపూర్ అయ్యాయి. యూరప్ మా ప్రాంతానికి అదే మొదలు. కోదాడ వైపు డీలర్లు విభజన తర్వాత హైదరాబాదు ఆఫీసు కిందికి వెళ్ళిపోయారు. నందిగామ, జగ్గయ్యపేట, మైలవరం వాళ్ళు నా వంతుకు మిగిలారు. ఆడవాళ్ళతో కలిపి ఒక చిన్న బస్సుకు సరిపడా జనం.

నిబంధన ప్రకారం డీలరు, వారి జీవిత భాగస్వామి, ఇద్దరికే అర్హత. మొదటి చిక్కు అక్కడే వచ్చింది.

నందిగామలో ఉషారాణి గారని మా డీలరు. సిమెంటు, ఐరన్ షాపు. పెట్టింది ఆమె భర్త. హైవే మీద లారీ గుద్ది ఆయన పోయినప్పుడు ఇక షాపు మూసేస్తారనే అనుకున్నాం. కర్మకాండలు ముగిసిన వారంలో ఆమే వచ్చి షట్టరు ఎత్తింది. మొదట్లో మేస్త్రీలు ఆడమనిషితో బేరమాడటానికి మొహమాటపడేవాళ్ళు. తర్వాత తర్వాత ఆమెతో బేరమాడటానికి భయపడ్డారు. ఆ ఏడాది మైలవరం కోటేశ్వరరావు గారి తర్వాత అమ్మకాల్లో ఆమెదే రెండో స్థానం.

"సార్, నాకు ఆయన లేరు గదా. మా అత్తగారిని తీసుకొస్తానండి" అంది.

నేను నిబంధన చదివి వినిపించాను.

"చదివానండి. నేను షాపులో కూర్చుంటున్నానంటే ఇల్లు ఆమె చూసుకోబట్టే. నా టన్నుల్లో సగం ఆమెవే సార్. ఆమె రాకపోతే నేనూ రాను. మీ ఇష్టం."

నేను నోట్ పెట్టాను. నోట్ అంటే కింది అధికారి కారణాలు వివరిస్తూ పై అధికారిని అనుమతి కోరడం. మా జనరల్ మేనేజరు గారు వెంటనే ఒప్పుకున్నారు గానీ, కింద ఒక వాక్యం చేర్చారు. ప్రయాణంలో ఆ పెద్దావిడ బాధ్యత సంబంధిత అధికారిదేనని. సంబంధిత అధికారి నేనే.

వెంకట సుబ్బమ్మ గారిది వీరులపాడు దగ్గర పల్లె. డెబ్బై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు, షుగరు. నేను వాళ్ళింటికి వెళ్ళి, అక్కడ చలి, నడక, మన తిండి దొరకదు అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె అంతా విని, "అక్కడా మనుషులే గదా నాయనా ఉండేది?" అంది. ఆమె పేరు జాబితాలో రాసుకున్నాను.

యూరప్ దేశాలకు ఇచ్చే షెంజెన్ వీసాకు అర్జీ పెట్టాలంటే ప్రతి రాత్రి ఎక్కడ పడుకుంటామో ముందే చూపించాలి. బస ఖాయమైతే తప్ప వీసా లేదు. అందుకని పార్టీకి ముందు ఒక అధికారి వెళ్ళి హోటళ్ళు కళ్ళారా చూసి వస్తాడు. దీన్ని రెక్కీ అంటాం. మార్చి మొదట్లో నేను ఒక్కడినే రోముకు వెళ్ళాను. బస్సు, గైడు, హోటళ్ళు సమకూర్చే అక్కడి ఏజెంటు నాకు మూడు చోట్లు చూపించాడు.

మొదటిది ఊరి వెలుపల, నగరం చుట్టూ తిరిగే పెద్ద రోడ్డు పక్కన. నాలుగు నక్షత్రాల హోటలు. విశాలమైన గదులు, పెద్ద డైనింగు హాలు, బస్సు గుమ్మం దాకా వస్తుంది. గ్రూపులు తీసుకెళ్ళే వాళ్ళు సాధారణంగా ఇలాంటిదే ఖాయం చేస్తారు. ఫొటోల్లో ఘనంగా ఉంటుంది. నేను గేటు బయట కాసేపు నిలబడ్డాను. కార్లు, పెట్రోలు బంకు, కంచె. కాలినడకన ఒక్క మనిషి కనబడలేదు. పొద్దున బస్సెక్కి ఊళ్ళోకి పోతే మళ్ళీ సాయంత్రం దాకా వెనక్కి వచ్చే వీలు లేదు. మధ్యలో ఎవరికైనా నలతగా ఉంటే బస్సులోనే కూర్చోవాలి.

రెండోది రైల్వే స్టేషను దగ్గర. బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లు, మన అన్నం దొరికే హోటళ్ళు, అన్నీ కూతవేటు దూరం. కానీ ఆ సందడిలో జేబుదొంగలు జాస్తి అని ఏజెంటే చెప్పాడు. మెడలో గొలుసులతో వచ్చే మా ఆడవాళ్ళను తలుచుకుని అది వద్దనుకున్నాను.

మూడోది పాత ఊరి నడుమ, నదికి దగ్గరగా ఒక కూడలిలో. ఒక కుటుంబం నడిపే చిన్న హోటలు. రెండు నక్షత్రాలే. గదులు ఇరుకు. లిఫ్టులో ముగ్గురు పడితే నాలుగోవాడికి చోటు లేదు. పాత ఊళ్ళోకి బస్సుల్ని రానివ్వరు కనుక, నది ఒడ్డున దిగి సామాను ఈడ్చుకుంటూ నడవాలి. అయితే గుమ్మం దిగితే ఎదురుగా కూరగాయల సంత. ఒక పక్క కాఫీ కొట్టు, ఒక పక్క రొట్టెల బట్టీ, మధ్యలో రాతి అరుగు. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి ఆ అరుగు మీద కూర్చున్నాను. సాయంత్రం వెళ్ళినప్పుడు కాఫీ కొట్టాయన పొద్దుటి మనిషినని గుర్తుపట్టి తలూపాడు.

అదే ఖాయం చేశాను. కారణం సుబ్బమ్మ గారే. అలిసిపోతే మధ్యాహ్నం వచ్చి పడుకోగలిగే చోటు ఈ మూడింటిలో ఇదొక్కటే. జనరల్ మేనేజరు గారికి ఇది రుచించలేదు. "ఏడాదంతా మన సరుకు అమ్మినవాళ్ళను రెండు నక్షత్రాల్లో పెడతారా?" అన్నారు. వాదించాను. చివరికి, "మాట వస్తే మీకే వస్తుంది" అని వదిలేశారు.

ఆ మాట, రోములో దిగిన సాయంత్రమే వచ్చింది. ఏప్రిల్ నెలాఖరు. నది ఒడ్డున బస్సు ఆపి, ఇక నడవాలనగానే అందరి మొహాలూ మాడిపోయాయి. గుండ్రాళ్ళు పరిచిన వీధుల్లో పెట్టెల చక్రాలు కదలవు. కోటేశ్వరరావు గారు భారీ మనిషి. ఆయన పెట్టె అంతకన్నా భారీ. అందులో సగం పచ్చళ్ళు, పొడులు. హోటలు గుమ్మంలో పెట్టె ధడేల్న దించి, "బస్సు రాని చోట బసేంటండీ? మా మైలవరం లాడ్జీకైనా గుమ్మం దాకా ఆటో వస్తది!" అన్నారు. ఆయన సతీమణి గది చూసి, తలుపు తీస్తే మంచం, మంచం దిగితే తలుపు అంది. జగ్గయ్యపేట డీలరు ఖాజా గారు నెమ్మదస్తులు. ఆయన కూడా, "సార్, స్టేషను దగ్గరైతే మాకు తిండికి ఇబ్బంది లేకపోను" అని చెవిలో చెప్పారు. ఆ రాత్రి కోటేశ్వరరావు గారు నేరుగా జనరల్ మేనేజరు గారికే ఫోన్ చేశారని నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు పొద్దున నేను కిందికి దిగేసరికి సుబ్బమ్మ గారు అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంది. జరీ అంచు నేతచీర, పైన కోడలి స్వెట్టరు, నల్ల షాలువా. సంత అప్పుడే తెరుస్తున్నారు. ఆ ఊళ్ళో వీధి కుళాయిలకు కట్టే మర ఉండదు, మంచినీళ్ళు రాత్రింబవళ్ళు పోతూనే ఉంటాయి. అరుగు పక్కనున్న అలాంటి కుళాయినే ఆమె చూస్తోంది.

"దాన్ని ఎవరన్నా కట్టేయండయ్యా. చూడలేకపోతున్నా" అంది.

అదంతే, కట్టడానికి వీలుండదని చెప్పాను. సాగర్ కాలువ చివరి పొలాల మనిషి. ఆమెకు అది మింగుడుపడలేదు. రోజూ ఒక సీసా తెచ్చి నింపుకుని, కాస్తయినా దక్కించినట్టు పక్కన పెట్టుకునేది.

అరుగుకు ఎదురుగా ఉన్న కూరగాయల కొట్టు ఒకావిడది. అరవై ఏళ్ళుంటాయి, గట్టి గొంతు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. ఆమె పేరు అన్నా అని గైడు చెప్పాడు. "ఆడమనిషిని పట్టుకుని అన్నా అంటారేంటి?" అని సుబ్బమ్మ గారు అన్నమ్మ అని పిలవడం మొదలుపెట్టింది. రెండో రోజుకల్లా అన్నమ్మా అంటే ఆవిడ పలుకుతోంది. ఈమె వంకాయ ఎత్తి పుచ్చు చూస్తే ఆమె నవ్వుతూ కసిరేది. ఆమె ఇటాలియనులో, ఈమె తెలుగులో ధాటిగా మాట్లాడుకునేవాళ్ళు. ఏం మాట్లాడుకున్నారో మాకెవరికీ తెలియదు. అవతల కాఫీ కొట్టాయన సుబ్బమ్మ గారిని "నోన్నా" అనేవాడు. అమ్మమ్మ అని అర్థం.

మా వాళ్ళు కూడా ఒక్కొక్కరే సంతలోకి దిగారు. ఖాజా గారు, వాళ్ళావిడ షాహిదా గారు చేపలవాడి దగ్గర బేరం చూసి వచ్చి, మనకన్నా నయమే అన్నారు. కోటేశ్వరరావు గారు మాత్రం గదిలోంచి నేరుగా బస్సుకు, బస్సులోంచి నేరుగా గదికి. ఆ కూడలి వైపు కన్నెత్తి చూడలేదు.

మూడో రోజు పెద్ద చర్చికి వెళ్ళాలి. గంటలకొద్దీ వరసలో నిలబడాల్సిన చోటు. ముందురోజు నడకకు సుబ్బమ్మ గారి మోకాళ్ళు వాచాయి.

"నేనూ ఆగిపోతా అత్తయ్యా" అంది ఉషారాణి గారు.

"నువ్వు పోవే. కష్టపడి సంపాయించుకున్న టూరు. నేను ఇక్కడే అరుగు మీద కూర్చుంటా. ఏడకి పోతాను?"

పార్టీని గైడుకు అప్పగించి, మధ్యాహ్నం ముందుగా నేను భోజనం పట్టుకొస్తానని చెప్పాను. హోటలు కౌంటరులో ఉన్న మనిషికి కూడా, కనిపెట్టి ఉండమని చెప్పి వెళ్ళాం.

స్టేషను దగ్గర పెరుగన్నం, పప్పు కట్టించుకుని టాక్సీ ఎక్కాను. ఏదో ఊరేగింపని వంతెన దగ్గర రోడ్డు మూశారు. టాక్సీ దిగి, పొట్లంతో నడిచి కూడలి చేరేసరికి అనుకున్నదానికన్నా బాగా ఆలస్యమైంది. సంత ఎత్తేస్తున్నారు. బల్లలు మడిచేశారు, రాళ్ళమీద నీళ్ళు కొట్టి ఊడుస్తున్నారు. అరుగు ఖాళీగా ఉంది. నీళ్ళసీసా ఒక్కటే పక్కన నిలబడి ఉంది.

గదికి వెళ్ళాను. తాళం. కౌంటరులో పొద్దుటి మనిషి డ్యూటీ దిగిపోయాడు. కొత్తగా వచ్చిన అమ్మాయికి ఏమీ తెలియదు. కూడలిలోంచి వెళ్ళే నాలుగు సందుల్లోనూ కొంత దూరం పోయి చూశాను. నల్ల షాలువా ఎక్కడా కనబడలేదు. ఇలాంటప్పుడు పాటించాల్సిన వరస ఒకటుంది: ముందు హోటలు, తర్వాత ఏజెంటు, ఆ తర్వాత పోలీసు, రాయబార కార్యాలయం. ఏజెంటుకు చెప్పాను. పోలీసుకు చెప్పేముందు ఇంటి మనిషికి చెప్పాలి. ఉషారాణి గారికి ఫోన్ చేశాను.

ఆమె కేకలు వేయలేదు. 

"ఇట్టాంటి ఫోనే నాకు ఇంతకుముందు ఒకటి వచ్చిందండి" అంది. "ముందు కనబడట్లేదనే చెప్పారు. ఉన్నదేదో చెప్పండి సార్."

"ఉన్నది అంతేనమ్మా. వెతుకుతున్నాను."

"వస్తున్నా."

నా ఉద్యోగ జీవితంలో సమ్మెలు చూశాను, బట్టీ దగ్గర ప్రమాదాలు చూశాను. ఆ ఫోన్ పెట్టేశాక మాత్రం, ఒకసారి చూసిన సందుల్లోనే మళ్ళీ మళ్ళీ తిరిగాను.

ఆమె వెంట టాక్సీ దిగింది కోటేశ్వరరావు గారు. ఆయన్ని నేను పిలవలేదు. ఆమె వరసలోంచి బయటపడి పరుగెత్తడం చూసి తనే వెంట వచ్చారట. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. చొక్కా చేతులు పైకి లాక్కుని, "సందులు నేను చూస్తా, మీరు ఇక్కడ అడగండి" అని, "పిన్నిగారూ! సుబ్బమ్మ పిన్నిగారూ!" అని మైలవరం సంతలో పిలిచినట్టు ఆ రాతి గోడల మధ్య పిలుచుకుంటూ వెళ్ళారు.

ఉషారాణి గారు ఫోనులో అత్తగారి ఫొటో తీసి, బల్లలు మడుస్తున్న చేపలవాడికి చూపించింది. అతను చూసీ చూడగానే "నోన్నా!" అన్నాడు. చేతిలో బల్ల కింద పెట్టి ఎవరినో కేకేశాడు. పూలావిడ వచ్చింది. రొట్టెల బట్టీలోంచి ఒకతను పిండి చేతులతో వచ్చాడు. కాఫీ కొట్టాయన తలుపు తెరిచి, అన్నా, అన్నా అంటూ వెనక సందు చూపించాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నుదురు తుడుచుకున్నట్టు, కళ్ళు తిరిగినట్టు, ఏదో తాగించినట్టు చేతులతో అభినయించి చెబుతున్నారు. మాకు అర్థమైన కొద్దీ భయం పెరిగింది. చేపలవాడు ఉషారాణి గారి మోచెయ్యి పట్టుకుని ముందు నడిచాడు.

సందులో కింది అంతస్తు ఇల్లు. తలుపు తెరిచే ఉంది. వంటింటి బల్ల ముందు సుబ్బమ్మ గారు కూర్చుని, పెద్ద చిక్కుళ్ళలాంటి కాయలు ఒలిచి గింజలు గిన్నెలో వేస్తోంది. కాళ్ళు ఎదురు కుర్చీ మీద దిండేసి చాపింది. పొయ్యి దగ్గర అన్నమ్మ.

"ఏంటే, అందరూ ఇట్టా వచ్చారు?" అంది సుబ్బమ్మ గారు. "అన్నాలు తిన్నారా?"

ఉషారాణి గారు గుమ్మంలోనే కూలబడింది. అన్నేళ్ళలో ఆమె ఏడవగా నేను చూడలేదు. ఆమె భర్త పోయినప్పుడు కూడా చూడలేదు.

"చెప్పి పోవాలా వద్దా అత్తయ్యా? చెప్పి పోవాలా వద్దా?"

"ఎవరికి చెప్పనే? నా మాట తెలిసినోళ్ళు ఎవరున్నారిక్కడ?" అని, కోడలు నిజంగానే ఏడుస్తోందని అప్పుడు చూసి, గిన్నె పక్కన పెట్టింది. "ఇట్టా రా. నాకేం కాలేదు. చూడు, ఉన్నాగా" అంది.

జరిగింది గైడు వచ్చాక తెలిసింది. ఎండ నడినెత్తికి వచ్చింది, భోజనం రాలేదు, ఆమెకు షుగరు పడిపోయింది. ఎదురుగా కొట్టు సర్దుకుంటున్న అన్నమ్మ, పొద్దుటి నుంచీ మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి పలకకపోవడం గమనించింది. దగ్గరికి వచ్చి చూస్తే నుదుట చెమటలు, చేతులు చల్లబడి ఉన్నాయి. ఆవిడ తల్లికి కూడా ఇదే జబ్బు. కొట్టులో ఉన్న నారింజకాయలు పిండి పంచదార కలిపి తాగించింది. తేరుకున్నాక చేపలవాడి సాయంతో ఇంటికి నడిపించి, రొట్టె, చారు పెట్టి పడుకోబెట్టింది. హోటలుకు మనిషితో కబురు కూడా పంపింది. ఆ కబురు విన్నవాడు డ్యూటీ మారేటప్పుడు రెండో మనిషికి చెప్పకుండా దిగిపోయాడు.

వైద్యుణ్ణి పిలిపించాం. చూసి, ఇంకొంచెంసేపు అలాగే ఎండలో వదిలేసి ఉంటే ప్రమాదమే అన్నాడు.

కోటేశ్వరరావు గారు అన్ని సందులూ తిరిగి చెమటలు కక్కుతూ ఆ ఇల్లు చేరారు. అన్నమ్మ ఆయన్ని కూర్చోబెట్టి ఒక పళ్ళెం ముందు పెట్టింది. ఆయన పళ్ళెం ఖాళీ చేశారు. ఆ సాయంత్రం తన పెట్టె తెరిచి ఆవకాయ సీసా ఒకటి, గోంగూర సీసా ఒకటి తీసి, అందరం చూస్తుండగా కూడలి దాటి వెళ్ళి ఇచ్చి వచ్చారు. గదులు ఇరుకన్న మాట మాత్రం చివరి రోజు దాకా వెనక్కి తీసుకోలేదు. ఇరుకే మరి.

రోము వదిలే రోజు సామాను నది ఒడ్డు దాకా ఈడ్చాల్సిన పని మాకు పడలేదు. చేపలవాడు, రొట్టెలతను కలిసి కూరగాయల తోపుడు బండి మీద వేసి తోశారు. సుబ్బమ్మ గారు కొంత దూరం ఆ బండి మీదే కూర్చుంది. అన్నమ్మ బస్సు దాకా వచ్చింది. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు చివరి నిమిషం దాకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

తిరిగొచ్చాక జనరల్ మేనేజరు గారికి జరిగినదంతా విన్నవించాను. "హోటలుపై ఫిర్యాదు వచ్చిందే" అన్నారు. వచ్చింది నిజమేనన్నాను. అయినా పై ఏడాది రెక్కీకి కూడా నన్నే వేస్తున్నానన్నారు. నేను రిటైరయ్యే దాకా ఆ పని నా దగ్గరే ఉంది. పార్టీలో ఎవరినీ ఒంటరిగా వదలకూడదని, డ్యూటీ మారే ఇద్దరికీ విడివిడిగా చెప్పాలని అప్పటినుంచీ నియమం పెట్టాను.

సుబ్బమ్మ గారు ఇప్పుడు లేరు. ఇంట్లోనే, కోడలు దగ్గరుండగా, నిద్రలో పోయారు. ఉషారాణి గారు నందిగామలో రెండో గోడౌను కట్టారు. ఆ వైపు వెళ్ళినప్పుడు షాపులో కాసేపు కూర్చుంటాను. ఆమె టీ తెప్పిస్తుంది, ఆ కూడలి మాట ఒకటి ఎక్కడో ఒకచోట వస్తుంది. పని ఒత్తిడిలో ఉన్నప్పుడు నేను ఆ ఊరిని సరిగా చూడనే లేదు. ఇప్పుడు తీరికగా కూర్చుంటే ఆ సంత, తడి రాళ్ళు, ఆ గట్టి గొంతు అన్నీ వరసగా గుర్తొస్తాయి.

ఇటలీ వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ అప్పుడప్పుడు జగ్గయ్యపేటలో మా ఇంటికి వస్తారు. ఫోనులో హోటళ్ళ ఫొటోలు చూపించి, ఏది తీసుకోమంటారండీ అని అడుగుతారు. మంచం, స్నానాల గది, టిఫిను ఫొటోలు ఉంటాయి. నేను వీధి ఫొటో చూపించమంటాను. గదిని ఇంట్లో కూర్చునే ఎంచుకోవచ్చు, తేడా వచ్చినా రెండు రాత్రులు సర్దుకుంటాం. మనిషి పలక్కుండా కూర్చుంటే గమనించే వాళ్ళు గుమ్మం బయట ఉన్నారా లేదా అన్నది ముందు చూసుకోవాలి. నక్షత్రాలు ఆ తర్వాత.